కంచలో కుంచె



డ్రాయింగ్ మాస్టారి స్మారకోపన్యాసం ఈ ఏడాది నన్ను చేయమన్నప్పుడు నిర్వాహకులు అంశాన్ని నా ఇష్టానికే వదిలేశారు. నేను చిత్రకారుణ్ణి కాను. బొమ్మలు చూడటం, చూసినదాని గురించి రాయటం నా పని. అందుకే మాస్టారు గీసిన బొమ్మల జోలికి పోకుండా, ఆయన పిల్లలకు చెప్పిన ఒక పాఠాన్ని పట్టుకుని మాట్లాడతాను. ఆయన శిష్యులందరికీ తెలిసిన పాఠమే. డ్రాయింగ్ క్లాసులో కొత్తగా చేరిన పిల్లవాడికి ఆయన వినాయకుణ్ణీ గాంధీగారినీ గీయటం నేర్పేవారు కాదు. బడి వెనకాల ఉన్న బండ దగ్గరకు పంపి, పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి గీసుకురమ్మనేవారు. మూడు బొమ్మలూ ఒక్కలాగే ఉంటే కాగితాలు తిరిగి చేతికిచ్చేవారు. "బండ మారదు కదా సార్" అన్నవాళ్ళతో వాదించేవారు కాదు. మళ్ళీ వెళ్ళి కూర్చోమనేవారు.

ఒక పిల్లవాణ్ణి బండ ముందు కూర్చోబెట్టటం సులువే. ఒక నగరాన్ని కూర్చోబెట్టటం ఎలా? కొన్ని దేశాలు దీనికొక ఏర్పాటు చేసుకున్నాయి. జాతీయ ఉద్యానాల్లోనో, అడవి అంచునో, కొండ లోయల్లోనో ఒక చిత్రకారుడికి, కవికి, సంగీతకారుడికి కొన్ని వారాలు చోటిచ్చి, అక్కడి ప్రకృతి నడుమ పని చేసుకోమంటారు. దాన్నే ఆర్టిస్ట్ రెసిడెన్సీ అంటున్నాం. మన దగ్గర ఈ మాట వినగానే ఎవరో అదృష్టవంతుల విహారంలా తోస్తుంది. నా దృష్టిలో అది కాపలా ఉద్యోగం. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడల మధ్య మిగిలిన కాసిని పొదలూ బండలూ చెరువులూ నిలవాలంటే, వాటి ముందు కళాకారులు ఏళ్ళ తరబడి కూర్చుని పని చేయాలి. ఆ పని నగరానికి సాక్ష్యంగా మిగలాలి. ఈ సాయంత్రం నేను చెప్పదలచిన మాట ఇదొక్కటే.

యంత్రం గీసిన కంచ

2025 మార్చి 30 ఉగాది. ఆ రోజు కంచ గచ్చిబౌలిలో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాల్లో భారీ యంత్రాలు దిగి ఉన్నాయి. అడ్డుకోబోయిన విద్యార్థులను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే ఆ విషయాన్ని చేపట్టి పనులన్నీ ఆపమని ఆదేశించింది. అప్పటికే సుమారు 100 ఎకరాల మేర పచ్చదనం పోయిందన్న నివేదిక కోర్టు ముందుకు వచ్చింది. ఆ భూమి ఎవరిదన్న వ్యాజ్యం పాతది, పెద్దది. దాని లోతుల్లోకి ఇప్పుడు పోను. ఆ వారం రోజులూ మన ఫోన్లలో తిరిగిన బొమ్మల గురించే నా ఆలోచన.

మీకు గుర్తుండే ఉంటుంది. బుల్‌డోజర్ల ముందు జింకలు, నెమళ్ళు బెదిరి చూస్తున్న బొమ్మలు లక్షలమంది చేతులు మారాయి. వాటిలో చాలావాటిని ఎవరూ చేత్తో గీయలేదు. సరిగ్గా అప్పుడే ఊరూవాడా జపాన్‌లోని ఘిబ్లీ స్టూడియో శైలిలో కృత్రిమ మేధతో బొమ్మలు చేయించుకునే మోజులో ఉంది. ఆవేదన నిజమైనదే, బొమ్మ మాత్రం యంత్రానిది. దాంతో తిరుగుతున్నవి నకిలీ చిత్రాలనే వాదనకు ప్రభుత్వానికి దారి దొరికింది. వాటిని పంచుకున్నవారిలో కొందరికి పోలీసు నోటీసులు కూడా వెళ్ళాయి. నరికిన చెట్టు గురించి జరగాల్సిన చర్చ, బొమ్మ అసలుదా నకిలీదా అన్న చర్చగా మారింది.

ఆ శైలి ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి చూద్దాం. 1997లో వచ్చిన 'ప్రిన్సెస్ మోనోనోకే' చిత్రం కోసం ఆ స్టూడియో దర్శకుడు హయావో మియజాకి తన చిత్రకారుల బృందంతో దక్షిణ జపాన్‌లోని యాకుషిమా దీవికి వెళ్ళారు. వేల ఏళ్ళ వయసున్న దేవదారులు, నాచు కప్పిన రాళ్ళు, ఎప్పుడూ ఆరని తడి ఉన్న అడవి అది. ఆ తడిలో తిరిగి, చూసి, గీసుకున్నదే తెర మీదకు వచ్చింది. మనం ముచ్చటపడే ఆ పచ్చదనం వెనక ఒక నిజమైన అడవి, అందులో కూర్చున్న నిజమైన మనుషులు ఉన్నారు. పాతికేళ్ళు దాటాక యంత్రం ఆ పచ్చదనాన్ని ఎత్తుకొచ్చి మన గచ్చిబౌలి మీద పరిచింది.

మార్చి నెలాఖరున మన కంచ, అంటే ఈ పొదల బీడు, అలా ఉండదు. గడ్డి ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. మోదుగ పూలు రాలిపోయి ఉంటాయి. వేప కొత్త చిగురు తొడుగుతుంది. రేల ఇంకా మొగ్గ మీదే ఉంటుంది. బండ మధ్యాహ్నానికల్లా చెయ్యి పెట్టనీయదు. ఈ రంగులు యంత్రానికి ఎందుకు తెలియలేదో ఈ హాల్లో ఉన్న సాఫ్ట్‌వేర్ మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. ఎవరైనా గీసి, తీసి, రాసి పెట్టినదాన్నే అది నేర్చుకుంటుంది. దక్కను పొదల నేలను మనం గీసిపెట్టింది ఎంతని?

శాస్త్రజ్ఞులు తమ వంతు చేశారు. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 700 పైచిలుకు పూల మొక్కల జాతులను, 200 పైచిలుకు పక్షి జాతులను లెక్కగట్టారు. అక్కడ దొరికిన ఒక సాలీడు జాతికి 2010లో ఏకంగా హైదరాబాద్ పేరే పెట్టారు. చుక్కల జింక, నక్షత్ర తాబేలు, నెమలి అక్కడి పాత కాపులు. జాబితాలు కోర్టుకు పనికొస్తాయి. జనం మనసులో మాత్రం జాబితా నిలవదు, బొమ్మ నిలుస్తుంది. ఆ బొమ్మ అవసరం పడ్డ రోజున మన దగ్గర లేదు. ఎక్కడో జపాన్ దీవి నుంచి అరువు తెచ్చుకోవలసి వచ్చింది.

బొమ్మ చట్టమైన వైనం

చూసి గీసిన బొమ్మ ఒక నేల తలరాతను మార్చిన ఉదాహరణ అమెరికాలో ఉంది. 1871లో ఫెర్డినాండ్ హేడెన్ నాయకత్వంలో ఎల్లోస్టోన్ ప్రాంతానికి ప్రభుత్వ సర్వే బృందం వెళ్ళింది. వెంట థామస్ మోరాన్ అనే చిత్రకారుడు, విలియం హెన్రీ జాక్సన్ అనే ఫొటోగ్రాఫర్ ఉన్నారు. వేడినీటి బుగ్గలు, రంగురంగుల లోయ గోడలు ఉన్నాయని అంతకుముందు వేటగాళ్ళు చెబితే కట్టుకథలన్నారు. మోరాన్ నీటిరంగుల చిత్రాలు, జాక్సన్ ఫొటోలు వాషింగ్టన్‌లో చట్టసభ సభ్యుల కళ్ళ ముందుకు వచ్చాయి. 1872 మార్చి 1న ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానమైంది. అదే ఏడాది మోరాన్ వేసిన పెద్ద తైలవర్ణ చిత్రాన్ని అమెరికా కాంగ్రెస్ 10,000 డాలర్లిచ్చి కొన్నది. 1941లో అక్కడి అంతర్గత వ్యవహారాల శాఖ తమ కార్యాలయ గోడల కోసం జాతీయ ఉద్యానాల చిత్రాలు తీయమని ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్‌కు పని అప్పగించింది. ఈ దారిలోనే ఇప్పుడు అక్కడి పదుల సంఖ్యలో జాతీయ ఉద్యానాలు కళాకారులకు చోటిస్తున్నాయి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు ఉండటానికి ఒక గది ఇస్తారు. బదులుగా సందర్శకులతో ఒక ముచ్చట జరపాలి, ఉద్యానానికి ఒక కృతి ఇవ్వాలి. కెనడాలో 1933లో మొదలైన బాన్ఫ్ సెంటర్ అనే కళాకేంద్రం అయితే జాతీయ ఉద్యానం నడిబొడ్డునే ఉంది.

ఈ కథలో మచ్చ కూడా ఉంది. మోరాన్ చిత్రాల్లో ఎల్లోస్టోన్ మనిషి ఎరగని ప్రకృతిలా కనిపిస్తుంది. నిజానికి ఆ నేల మీద ఆదివాసీ తెగలు తరతరాలుగా వేటాడాయి, దారులు వేసుకున్నాయి. బొమ్మలో చోటు దొరకని ఆ మనుషులకు పార్కులోనూ చోటు లేకుండా పోయింది. చూసి గీసినవాడు కూడా తనకు అక్కరలేనిదాన్ని వదిలేయగలడు. ఈ మాటను పక్కన రాసి పెట్టుకోండి, దీనితో మళ్ళీ పని పడుతుంది.

తెలుగువాళ్ళకు ఈ సంప్రదాయం బొత్తిగా కొత్త కాదు. రాజమండ్రి కాలేజీలో ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే చేయూతతో ఎదిగిన దామెర్ల రామారావు గోదావరినీ తూర్పు కనుమలనూ కంటి ముందు పెట్టుకుని చిత్రించారు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకముందే మశూచి ఆయన్ను తీసుకుపోయింది. తుమ్మపూడికి చెందిన చిత్రకారుడు, రచయిత సంజీవదేవ్ గారు యవ్వనంలో హిమాలయాలకు వెళ్ళి, కులూ లోయలోని నగ్గర్‌లో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ కుటుంబంతో గడిపారు. ఎవరి దరఖాస్తు, ఎవరి ఎంపిక లేని రెసిడెన్సీ అది. ఆ కొండల వెలుగు ఆయన రంగుల్లోకి, 'తెగిన జ్ఞాపకాలు' వచనంలోకి దిగింది. ఆయన తిరిగొచ్చి జీవితాంతం తుమ్మపూడిలోనే ఉండిపోయారు. కొండల్లో నేర్చుకున్న చూపుతో సొంత ఊరి పొలాన్ని చూశారు. రెసిడెన్సీ నుంచి నేను కోరేది సరిగ్గా ఇదే.

ఆసుపత్రిలో చిత్రకారుడు

హైదరాబాదులో ఇలాంటిది సాధ్యమేనా అన్న ప్రశ్నకు మన ఊళ్ళోనే జవాబుంది. 1940లో పుట్టిన సూర్యప్రకాశ్ గారు మన పెద్ద చిత్రకారుల్లో ఒకరు. 1970ల్లో ఆయన గీసిన బొమ్మలు తుక్కు కార్లవి. వాడి పారేసిన మోటారు బళ్ళు, తుప్పు, వంగిన రేకులు. తరువాత ఆయన కుంచె చెట్టు మీదకు, ఎండుటాకు మీదకు, నీటిలో కొమ్మల నీడ మీదకు మళ్ళింది. దగ్గర నుంచి చూస్తే వట్టి రంగుల మరకల్లా ఉండి, నాలుగడుగులు వెనక్కి వేస్తే మడుగుగా మారే చిత్రాలవి. 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఆయన్ను తన ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్‌గా పెట్టుకుంది. కంటికి వైద్యం చేసే చోట, చూపే వృత్తిగా పెట్టుకున్న మనిషికి స్థానం ఇచ్చారు. 2019లో ఆయన పోయారు.

ఈ ఏర్పాటు నుంచి మనం నేర్చుకోవలసినవి రెండున్నాయి. మొదటిది, ఆతిథ్యం ఇచ్చిన సంస్థ కళా సంస్థ కాదు. కళాకారుణ్ణి తమ మధ్య ఉంచుకోవటానికి గ్యాలరీయే అయి ఉండనక్కరలేదని ఒక ఆసుపత్రి చూపించింది. రెండోది కాలం. అది రెండు వారాల ముచ్చట కాదు, ఏళ్ళ పాటు సాగిన సహవాసం. ఆ ఆసుపత్రికి దగ్గరలోనే కె.బి.ఆర్. పార్కు ఉంది. సుమారు 390 ఎకరాలు, చిరాన్ ప్యాలెస్ చుట్టూ మిగిలిన పొదల అడవి, 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. రోజూ వేలమంది దాని చుట్టూ నడుస్తారు. ఒక ఆసుపత్రి చేసిన పనిని ఒక పార్కు చేయలేదా?

బండలకు పేరు పెట్టినవాళ్ళు

సైబరాబాద్‌లో మొదట పోయింది చెట్టు కాదు, బండ. 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ మనది. గాలీ వానా ఎండా కలిసి చెక్కి ఒకదానిమీద ఒకటి పేర్చిపెట్టినట్టు నిలబెట్టాయి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఆ చుట్టుపక్కల పేలుళ్ళు ఎంత జోరుగా సాగాయో మాదాపూర్ పాత కాపులు చెబుతారు. అంతకు రెండేళ్ళ ముందే, 1996లో, కళాకారులు, ఫొటోగ్రాఫర్లు, పర్యావరణ ప్రేమికులు కలిసి 'సొసైటీ టు సేవ్ రాక్స్' పెట్టుకున్నారు. చరిత్రకారుడు నరేంద్ర లూథర్, ఫ్రాకే క్వాడర్ దాన్ని ముందుండి నడిపించారు. నెలనెలా బండల దగ్గరకు జనాన్ని నడిపించుకెళ్ళటం వాళ్ళ ముఖ్యమైన పని. అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా వారసత్వ నిబంధనల కింద 9 శిలాసముదాయాలు జాబితాకెక్కాయి. విశ్వవిద్యాలయంలోని మష్రూమ్ రాక్, శిల్పారామంలోని బేర్స్ నోస్, దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు వాటిలోవి.

ఈ పేర్లను గమనించండి. పుట్టగొడుగు, ఎలుగుబంటి ముక్కు. ఎవరో ఒకరు ఆ బండ ముందు తీరిగ్గా నిలబడి, అందులో ఒక ఆకారాన్ని పట్టుకున్నాకే అది జాబితాలోకి వచ్చింది. సర్వే నంబరుగా ఉన్నంతకాలం దాన్ని పేల్చటానికి ఎవరికీ మనసు అడ్డుపడలేదు. ఆకారం కనిపించాక అడ్డుపడింది. చూపు చట్టంగా మారటానికి ఎల్లోస్టోన్ దాకా పోనక్కరలేదు. శిల్పారామం గేటు దాకా వెళితే చాలు.

అయితే ఆ విజయానికీ ఒక హద్దుంది. ఎలుగుబంటిలా కనిపించిన బండ బతికింది. దేనిలాగా కనిపించని బండ లారీ ఎక్కింది. మన కంచలో ఎక్కువ భాగం రెండో రకమే. తుమ్మ, బలుసు, సీతాఫలం, ఈత, ముళ్ళ పొద, ఎండు గడ్డి. ఎల్లోస్టోన్ లోయను చూస్తే ఎవరికైనా నోరు తెరుచుకుంటుంది. ఇక్కడ ఏడాదంతా చూస్తేగాని అందం కంటబడదు. మరి తెలంగాణ తన చిహ్నాలుగా ఎంచుకున్నవి ఏవి? పాలపిట్ట, జింక, జమ్మి, తంగేడు. పాలపిట్ట బయలు మీద కొమ్మెక్కి పురుగు కోసం కాచుకునే పక్షి. తంగేడు బీడులో విరగబూస్తుంది. జమ్మి నీరు తక్కువైన నేలలో నిలిచే చెట్టు. జింకకు పొదా కావాలి, పచ్చికా కావాలి. దట్టమైన అరణ్యాన్ని కాకుండా కంచనే రాష్ట్రం తన ముద్రగా పెట్టుకుంది, భూమి రికార్డుల్లో మాత్రం దాన్ని ఖాళీ స్థలంగా చూస్తోంది.

కొమ్మకూ బొమ్మకూ బంధం

కళకూ అడవికీ సంబంధం చూడటంతోనే అయిపోదు. మన చేతివృత్తులు అడవి నుంచి ముడిసరుకు తెచ్చుకుని బతికాయి. కొండపల్లి బొమ్మకు తెల్ల పొనికి కావాలి. నిర్మల్ బొమ్మకూ పొనికే. బరువు లేని, ఉలికి తేలిగ్గా లొంగే ఆ కర్ర చుట్టుపక్కల అడవుల్లో తగ్గుతూ వస్తుంటే కళాకారుల ఇళ్ళలో పని తగ్గుతూ వచ్చింది. ఏటికొప్పాక లక్కబొమ్మ అంకుడు కర్ర మీద నడుస్తుంది. అక్కడి సి.వి. రాజు గారు చెట్ల బెరళ్ళు, వేళ్ళు, గింజల నుంచి తీసే రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చినందుకు 2023లో పద్మశ్రీ అందుకున్నారు. చేర్యాల నకాషీ పటానికి చింతగింజ జిగురు, సుద్ద, దీపపు మసి. శ్రీకాళహస్తి కలంకారీకి కరక్కాయ.

1992లో మొదలైన శిల్పారామంలో ఈ బొమ్మలన్నీ అమ్ముతారు. శనివారం సాయంత్రం ఐటీ కుటుంబాలు కొనుక్కుంటాయి. అంకుడు చెట్టు మన దక్కను పొదల నేలలో కూడా సహజంగా పెరిగేదే. బొమ్మ కొన్న చేతికి ఆ చెట్టును చూపించేవాళ్ళు లేరు. కొత్తగూడలోని కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ అక్కడికి కూతవేటు దూరమే. ఏటికొప్పాక కళాకారుడొకరు ఆ గార్డెన్‌లో ఒక నెల కూర్చుని చెట్టు ముందు లేత్ తిప్పితే, అది ఏ నూనె రంగుల చిత్రకారుడి రెసిడెన్సీకీ తీసిపోదు.

బతుకమ్మ సంగతి మీకు నేను చెప్పేదేముంది! ఊరి ఆడవాళ్ళు చెలకల గట్లకు, బీళ్ళకు పోయి తంగేడు, గునుగు కోసుకొచ్చి వరసలు పేరుస్తారు. ఏ పువ్వు ఎక్కడ పూస్తుందో, ఏ వానకు ఎంత పూస్తుందో తెలిసినవాళ్ళే ఆ పని చేయగలరు. బీడు మీద ఏటా ఒకసారి జరిగే కళా సాధన అది. ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీలో బతుకమ్మకు పూలు మార్కెట్ నుంచి వస్తున్నాయి. పాట ఉంది, ఆట ఉంది, పువ్వు పూసే చోటు మాత్రం ఎవరికీ తెలియదు.

ఏం చేయాలి

ఇక నా ప్రతిపాదన. మూడు చోట్ల మొదలుపెట్టవచ్చు. కొత్తగూడ బొటానికల్ గార్డెన్ ఒకటి, చిలుకూరు దారిలోని మృగవని జాతీయ ఉద్యానం మరొకటి, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణం మూడోది. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారు బోధించిన లలితకళల విభాగం ఆ ప్రాంగణంలోనే ఉంది. మష్రూమ్ రాక్ కూడా అక్కడే ఉంది. రెండింటినీ కలపటానికి కావలసింది ఒక నిర్ణయం.

మొదటి నియమం, లోపల ఒక్క ఇటుక కూడా పేర్చకూడదు. రెసిడెన్సీ పేరుతో కాటేజీలు, కాటేజీల పేరుతో రోడ్డు, రోడ్డు పేరుతో రెస్టారెంట్ రావటం మనకు తెలిసిన కథే. కళాకారుడు మాదాపూర్‌లో అద్దెగదిలో ఉండవచ్చు, తెల్లవారకముందే లోపలికి పోవచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ వన్యప్రాణుల అధ్యయనానికి, ఫొటోగ్రఫీకి, శాస్త్ర పరిశోధనకు, పర్యాటకానికి ప్రవేశ అనుమతి ఇవ్వవచ్చంటుంది. చిత్రకారుడి మాట విడిగా లేకపోయినా, అధ్యయనం కింద ఆ అనుమతి ఇవ్వటానికి అటవీశాఖకు పెద్ద మనసు ఉంటే సరిపోతుంది.

రెండోది గడువు. అమెరికా పద్ధతిలో రెండు వారాలు ఇక్కడ చాలవు. మాఘంలో వచ్చి పోయినవాడు మోదుగను గీస్తాడు, శ్రావణాన్ని ఎరగడు. ఒక మనిషికి ఒక ఏడాది ఇవ్వాలి. అతను అన్ని కార్తెల్లోనూ అదే చోటికి తిరిగి రావాలి.

మూడోది మనుషులు. కళాకారుడికి తోడుగా ఒక వృక్షశాస్త్ర విద్యార్థి, ఆ చుట్టుపక్కల మేకలు కాసిన ఒక పెద్దమనిషి ఉండాలి. ముగ్గురికీ జీతం ఇవ్వాలి. గోపన్‌పల్లి తండాలోనో, పాత కొండాపూర్‌లోనో ఈ నేల మీద పశువులు తోలినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు బొమ్మలో లేకపోతే మోరాన్ చేసిన తప్పే మనమూ చేస్తాం, మనుషులను తుడిచేసిన ప్రకృతిని గీసుకుంటాం.

నాలుగోది రికార్డు. ప్రతి బొమ్మ వెనక తేదీ, వేళ, చోటు, వాతావరణం రాయాలి. ప్రతిదాని నకలు అందరికీ తెరిచి ఉండే భాండాగారానికి చేరాలి. మూల చిత్రం కళాకారుడు అమ్ముకోవచ్చు, అది అతని బతుకు. నకలు మాత్రం నగరానిది. పదేళ్ళు ఇలా సాగితే, ఈ కంచ ఏ ఏడాది ఎలా ఉండేదో చెప్పే చేత్తో గీసిన సాక్ష్యం మన దగ్గర ఉంటుంది. దాన్ని నకిలీ అని కొట్టిపారేయటం ఎవరికీ అంత తేలిక కాదు.

డబ్బు ఎక్కడిదంటారా? కంపెనీల చట్టం 2013, 135వ సెక్షన్ ప్రకారం నిర్దిష్ట స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. వేటి మీద పెట్టవచ్చో ఏడో షెడ్యూలు చెబుతుంది. అందులో పర్యావరణం, జీవజాలం ఒక పద్దు. వెంటనే ఆ తర్వాతి పద్దు వారసత్వం, కళలు, సంస్కృతి. చట్టం పక్కపక్కన రాసిన రెండు పద్దులనూ కలిపే ఒక్క పథకం ఈ ఐటీ నడవాలోని ఒక్క కంపెనీ పెట్టినా చాలు. మొక్కలు నాటుతూ ఫొటోలు దిగటానికి అయ్యే ఖర్చులో ముగ్గురి ఏడాది జీతం తేలిగ్గా సర్దుకుంటుంది.

ఇంకొక వర్గానికి నా ప్రత్యేక విన్నపం. ఈ నగరం యానిమేషన్‌కు, విజువల్ ఎఫెక్ట్స్‌కు పెద్ద నెలవు. 'ఛోటా భీమ్' ఇక్కడే పుట్టాడు. తెర మీద అడవులు, జలపాతాలు, కొండలు సృష్టించే యువతీయువకులు ఈ చుట్టుపక్కల ఆఫీసుల్లో కూర్చుని పని చేస్తున్నారు. వాళ్ళు చూసి చేసే నమూనాల్లో మన నేలకు ఎంత చోటుందో వాళ్ళకే తెలుసు. మియజాకి బృందం యాకుషిమా వెళ్ళినట్టు వీళ్ళు మృగవనికి వెళ్ళాలి. స్కెచ్ పుస్తకం పట్టుకుని, ఫోన్ పక్కన పెట్టి, ఎండిన గడ్డిలో ఎన్ని రంగులున్నాయో లెక్కపెట్టాలి. అప్పుడు మన పిల్లల కార్టూన్ అడవిలో తంగేడు పూస్తుంది, పాలపిట్ట వాలుతుంది. అప్పుడు యంత్రానికి కూడా నేర్చుకోవటానికి మనదంటూ ఏదో దొరుకుతుంది.

అభ్యంతరాలు

ఇళ్ళు లేనివాళ్ళూ ఉద్యోగాలు లేనివాళ్ళూ ఉన్న ఊళ్ళో బొమ్మలు గీసేవాళ్ళకు అడవులా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఈ నడవా వేలాది కుటుంబాలకు అన్నం పెట్టింది, ఆ అన్నం తిన్న ఇంట్లోవాణ్ణి నేనూ. కానీ భూమి ఎవరికివ్వాలన్నది వేరే చర్చ. ఇచ్చేముందు అక్కడ ఏముందో చూడటం గురించే నేను మాట్లాడుతున్నాను. ఏముందో చూడకుండా తీసుకున్న నిర్ణయం ఎంత ఖరీదైనదో 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వానికీ అర్థమయ్యే ఉంటుంది.

కళాకారుడి రాకతో జంతువులకు ఇబ్బంది కాదా అంటారు. ఒక మనిషి కదలకుండా కూర్చోవటం, వారాంతంలో వందలమంది వచ్చి పోవటం, ఈ రెండింటిలో ఏది ఎక్కువ ఇబ్బందో అటవీ సిబ్బందిని అడగండి.

గట్టి అభ్యంతరం మూడోది. ఆ బొమ్మలు చివరికి అద్దాల మేడల లాబీల్లో అలంకారాలవుతాయి, చెట్లు కొట్టిన చోటే చెట్టు బొమ్మ వేలాడుతుంది అంటారు. ఆ ప్రమాదం ఉంది. 2012 అక్టోబరులో జీవవైవిధ్యంపై ప్రపంచ సదస్సు మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఆ రోజుల సంబరం ఇప్పుడు బయోడైవర్సిటీ జంక్షన్ అనే ట్రాఫిక్ కూడలిగా, దాని మీద రెండు ఫ్లైఓవర్లుగా మిగిలింది. కాబట్టి స్పాన్సర్‌కు బొమ్మ మీద హక్కు ఇవ్వకూడదు. ఎంపిక కంపెనీ చేతిలో కాక విశ్వవిద్యాలయం, కళాకారులు, స్థానికులు కలిసిన బృందం చేతిలో ఉండాలి. కళాకారుడు తాను చూసినదాన్నంతటినీ గీయవచ్చు. గోడ పక్కన పోసిన ఇసుకను, కొట్టేసిన మొద్దును, చెరువులోకి వచ్చే మురుగునూ గీయవచ్చు. అందమైనవే గీయాలన్న షరతు పెట్టిన రోజున ఆ పథకాన్ని మూసేయటం మేలు.

మాస్టారి శిష్యుల్లో అటవీశాఖలో పని చేస్తున్నవారు ఉన్నారు, కంపెనీల్లో పెద్ద పదవుల్లో ఉన్నవారు ఉన్నారు, యానిమేషన్ స్టూడియోల్లో ఉన్నవారు ఉన్నారు. ఒక అనుమతి కాగితం, ముగ్గురికి ఏడాది జీతం, ఒక కంచ. అడుగుతున్నది ఇంతే, ఇవ్వగలిగినవారు ఈ హాల్లోనే ఉన్నారు. నిర్వాహకులకు చివరగా ఒక మనవి. వచ్చే ఏడాది ఈ వేదిక మీదకు నాలాగా బొమ్మల గురించి మాట్లాడేవాణ్ణి పిలవకండి. ఆ మొదటి కళాకారుణ్ణి పిలవండి, వెంట మేకలు కాసిన ఆ పెద్దమనిషినీ పిలవండి. వాళ్ళు ఏం చూశారో వాళ్ళ నోటితోనే విందాం.